వ్యక్తిగత ఫైర్‌వాల్ - వీపీఎన్ అమరిక

వ్యక్తిగత ఫైర్‌వాల్ అనగా ఒక కంప్యూటరు లోనికి వచ్చే, దాని నుండి బయటకు పోయే సమాచారాన్ని ముందుగా నిర్ణయించిన నియమాల ప్రకారం అనుమతించే లేదా అడ్డగించే సాఫ్టువేరు. వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, సంక్షిప్తంగా వీపీఎన్, అనగా ఇంటర్నెట్ మీదుగానే ఒక సంస్థ అంతర్గత నెట్‌వర్కుకు వేసుకునే రహస్య మార్గం. ఈ మార్గాన్ని సొరంగం అని కూడా వ్యవహరిస్తారు. ఇంటి నుండి పని చేసేవారికి ఈ రెండూ అవసరమే. అయితే ఒకటి అపరిచిత సమాచారాన్ని ఆపటానికి, రెండవది బయటివారు చదవలేని సమాచారాన్ని పంపటానికి రూపొందినందున, సరిగా అమర్చకపోతే రెండింటికీ పొసగదు.

నేపథ్యం

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నప్పటికీ అది మొదట ఆపివేయబడి ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కంప్యూటర్లకు సోకింది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతట అదే పనిచేయటం మొదలయింది. జోన్‌అలారం వంటి ఇతర సంస్థల ఫైర్‌వాళ్ళు కూడా ఆ కాలంలో ప్రాచుర్యం పొందాయి.

తెలంగాణలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు పూర్వం వరంగల్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న ఇవి కొత్త జిల్లాలకు కేంద్రాలయ్యాయి. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయినపుడు హైదరాబాదులోని సాఫ్టువేరు ఉద్యోగులు అనేకులు ఇటువంటి పట్టణాలలోని, పల్లెలలోని సొంత ఇళ్ళ నుండి పని చేశారు. అంతకు కొద్ది రోజుల ముందే, 2020 మార్చి 13న, కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ ఇంటి నుండి పనికి సంబంధించిన నిబంధనలను సడలించి, సంస్థలు తామే అమర్చుకున్న సురక్షిత వీపీఎన్‌ను వాడుకొనటానికి అనుమతించింది. 2020 నవంబరులో ఈ నిబంధనలు మరింత సరళమయ్యాయి.

ఘర్షణకు కారణం

వీపీఎన్ పనితీరును ఒక కవరులో పెట్టిన మరొక కవరుతో పోల్చవచ్చు. లోపలి కవరు మీద కార్యాలయ సర్వరు చిరునామా, బయటి కవరు మీద వీపీఎన్ సర్వరు చిరునామా ఉంటాయి. ఫైర్‌వాల్ రెండింటినీ వేరువేరుగా పరీక్షిస్తుంది. బయటి కవరును ఆపితే వీపీఎన్ అసలు కలవదు. లోపలి కవరును ఆపితే వీపీఎన్ కలిసినట్లు చూపుతుంది గాని ఏ పేజీ తెరుచుకోదు. లోపమెక్కడున్నదో తెలుసుకొనటానికి ఈ తేడాయే మొదటి ఆధారం.

ప్రోటోకాళ్ళు, పోర్టులు

* పీపీటీపీ: టీసీపీ 1723 పోర్టుతో పాటు జీఆర్ఈ అనే 47వ నంబరు ప్రోటోకాల్ అవసరం. జీఆర్ఈకి పోర్టులు ఉండవు కనుక 1723ను మాత్రమే తెరిస్తే చాలదు. ఇది సురక్షితం కాదని తేలినందున ప్రస్తుతం వాడదగినది కాదు.
* ఐపీసెక్: యూడీపీ 500, 4500 పోర్టులు. మధ్యలో చిరునామా మార్పిడి లేనపుడు 50వ నంబరు ప్రోటోకాల్ కూడా కావాలి.
* ఓపెన్‌వీపీఎన్: సాధారణంగా యూడీపీ 1194.
* ఎస్ఎస్‌టీపీ: టీసీపీ 443. సురక్షిత వెబ్ పేజీలు వాడే పోర్టు ఇదే కావటం వలన అడ్డంకులు తక్కువ.
* వైర్‌గార్డ్: యూడీపీ, తరచుగా 51820. ఇది 2020 మార్చిలో లినక్స్ కెర్నల్ 5.6లో చేరింది.

అమర్చే విధానం

# సంస్థ సాంకేతిక విభాగం నుండి ప్రోటోకాల్ పేరు, వీపీఎన్ సర్వరు చిరునామా, కార్యాలయ నెట్‌వర్కు చిరునామాల శ్రేణి తెలుసుకోవాలి.
# ఫైర్‌వాల్‌లో వీపీఎన్ ప్రోగ్రామును అనుమతించి, ఆ సర్వరుకు మాత్రమే అవసరమైన పోర్టులు తెరవాలి.
# వీపీఎన్ కలిసినపుడు కంప్యూటరులో ఒక కృత్రిమ నెట్‌వర్క్ అడాప్టరు ఏర్పడుతుంది. ఫైర్‌వాల్ దీనిని కొత్త, నమ్మరాని నెట్‌వర్కుగా భావించవచ్చు. కార్యాలయ చిరునామాల శ్రేణిని మాత్రమే నమ్మకమైన జాబితాలో చేర్చాలి.
# కార్యాలయ డీఎన్ఎస్ సర్వరుకు 53 పోర్టు ద్వారా పోయే ప్రశ్నలను అనుమతించాలి. లేనిచో చిరునామా అంకెలతో తెరుచుకునే సర్వరు పేరుతో తెరుచుకోదు.
# పని జరగకపోతే ఫైర్‌వాల్ లాగ్‌లో ఆపివేయబడిన ప్యాకెట్లను చూసి, వాటికి సరిపడే నియమం మాత్రమే చేర్చాలి.

ఒకే కంప్యూటరులో రెండు ఫైర్‌వాళ్ళు ఉంటే ఒకదానిలో ఇచ్చిన అనుమతి రెండవదానికి వర్తించదు. ఒకటి మాత్రమే ఉంచుకొనటం మేలు.

ఫైర్‌వాల్ లోపంగా కనిపించే ఇతర సమస్యలు

లాగిన్ సవ్యంగా జరిగి, పెద్ద ఫైలు తెరవగానే నిలిచిపోతుంటే ప్యాకెట్ పరిమాణం కారణం కావచ్చు. సాధారణ ఈథర్‌నెట్ ప్యాకెట్ పరిమితి 1500 బైట్లు. సొరంగం అదనంగా చేర్చే సమాచారం వలన ప్యాకెట్ ఈ పరిమితిని దాటుతుంది. ప్యాకెట్ పెద్దదైనదని తెలిపే ఐసీఎంపీ సందేశాన్ని ఫైర్‌వాల్ ఆపివేస్తే, పంపే కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. ఆ సందేశాలను అనుమతించటం లేదా అడాప్టరు పరిమితిని 1400 బైట్లకు తగ్గించటం దీనికి పరిష్కారం.

ఇంటి రౌటరు, కార్యాలయం రెండూ 192.168.1 శ్రేణినే వాడుతుంటే, కార్యాలయానికి పోవలసిన ప్యాకెట్లు ఇంటిలోనే తిరుగుతాయి. ఇంటి రౌటరు శ్రేణిని మార్చటంతో ఇది తొలగుతుంది.

కేబుల్ కనెక్షన్ లేని పల్లెలలో మొబైల్ హాట్‌స్పాట్ మీద పని చేయటం సాధారణం. మొబైల్ సంస్థలు చాలా మంది వినియోగదారులకు ఒకే బహిరంగ చిరునామాను పంచుతాయి. ఇటువంటి చోట జీఆర్ఈ తరచుగా పనిచేయదు. యూడీపీ సొరంగం కూడా కొంతసేపు నిశ్శబ్దంగా ఉంటే తెగిపోతుంది. కొద్ది సెకండ్లకొకసారి చిన్న ప్యాకెట్ పంపే ఏర్పాటుతో దీనిని నివారించవచ్చు. విండోస్ కొత్త హాట్‌స్పాట్‌ను సాధారణంగా పబ్లిక్ నెట్‌వర్కుగా గుర్తిస్తుంది. దానిని అట్లే ఉంచటం క్షేమం.

భద్రత

వీపీఎన్ కలవనపుడు చాలామంది ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేస్తారు. పని జరుగుతుంది గాని, ఇంటి నెట్‌వర్కులోని మరొక కంప్యూటరుకు సోకిన వర్మ్ ఆ కంప్యూటరులోనికి, అక్కడి నుండి సొరంగం గుండా కార్యాలయంలోనికి చేరే అవకాశం ఏర్పడుతుంది. సొరంగం తన గుండా పోయే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడుతుందే తప్ప, అది మంచిదో చెడ్డదో చూడదు. అందుచేత ఫైర్‌వాల్ ఆగి ఉంటే కలవనివ్వని విధంగా కొన్ని సంస్థలు వీపీఎన్‌ను అమరుస్తాయి.

ఫైర్‌వాల్ ఒక్కటే కూడా చాలదు. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ నెట్‌వర్కులోనికి దుండగులు ప్రవేశించినది పాస్‌వర్డు మాత్రమే రక్షణగా ఉన్న ఒక పాత వీపీఎన్ ఖాతా ద్వారానే. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడు వంటి రెండవ ధ్రువీకరణ ఉండటం అవసరం.

ఇవి కూడా చూడండి

* కంప్యూటర్ నెట్‌వర్క్
* కంప్యూటర్ వైరస్
* ఐపీ చిరునామా