కల్లు జ్ఞాపకాలు: రుచి, వృత్తిపదజాలం, మౌఖికకథనం

వ్యాససంగ్రహం:
తాటి, ఈత, జీలుగు చెట్ల నుండి తీసే కల్లు తెలుగు ప్రాంతాల్లో తరతరాలుగా వాడుకలో ఉన్న పానీయం. దానిని ఇష్టపడేవారు తమకు నచ్చిన చెట్టును, కాలాన్ని, గీసిన మనిషిని, తోడు కూర్చున్నవారిని తలచుకుంటూ మాట్లాడుకోవడం మౌఖికకథనంలో గుర్తించదగిన ఒక పద్ధతి. ఆ జ్ఞాపకాల నిర్మాణాన్ని వివరించడం, వాటిలో నిలిచి ఉన్న వృత్తిపదజాలాన్ని పరిశీలించడం, వాటి వెనుక ఉన్న గీతకార్మికుల శ్రమను, కల్తీ వలన కలిగిన ముప్పును గుర్తించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: కల్లు, గీతవృత్తి, తాటి, ఈత, జీలుగు, వృత్తిపదజాలం, మౌఖికకథనం, జ్ఞాపకం.

1. ఉపోద్ఘాతం:
"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు" అనే సామెత తెలుగువారందరికీ తెలిసినదే. "తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట" అనేది మరొకటి. ఈ రెండు సామెతల్లోనూ తాటిచెట్టు అనుమానానికి గురి అయిన చోటు. లోకం అనుమానంగా చూసిన ఆ చెట్టు నీడలోనే ఎన్నో తరాల స్నేహాలు, తగవులు, రాజీలు, పాటలు పుట్టాయి. అయినా కల్లు తాగేవారి మాటలను జానపద విజ్ఞానంలో పరిశీలింపదగిన సామగ్రిగా చూడడానికి మనం సాధారణంగా సంకోచిస్తాం.

ప్రపంచంలో చాలా దేశాల్లో బీరు ఇష్టపడేవారు తాము తాగిన రకాలను, తాగిన ఊళ్లను, తోడున్నవారిని కథలుగా చెప్పుకుంటారు. తెలుగు పల్లెల్లో అలాంటి స్థానం కల్లుది. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఒక కంపెనీ బీరు ఈ ఏడూ వచ్చే ఏడూ ఒకే రుచితో ఉండాలని తయారీదారులు శ్రమిస్తారు. కల్లు రుచి చెట్టుకూ చెట్టుకూ మారుతుంది. ఒకే చెట్టు కల్లు పొద్దుటికీ మాపటికీ మారుతుంది. సీసామీద ముద్రించిన పేరు లేని పానీయానికి తాగినవారి జ్ఞాపకమే చిరునామా. కనుక ఆ జ్ఞాపకాలను కేవలం కాలక్షేపపు మాటలుగా తీసివేయలేం.

2. పదచరిత్ర:
'కల్లు' అచ్చమైన ద్రావిడపదం. తమిళ, మలయాళ, కన్నడ భాషల్లో దీనికి సోదరపదాలు అదే అర్థంలో ఉన్నాయి. ఆంగ్లంలోని 'టాడీ' హిందీలోని 'తాడీ' నుండి వెళ్లింది. ఆ 'తాడీ'కి మూలం తాటిచెట్టును చెప్పే 'తాడ్'.

తెలుగులో వృక్షానికి ప్రథమావిభక్తి రూపం 'తాడు'. ఏరు-ఏటి, నోరు-నోటి అన్నట్లే తాడు-తాటి అనేది ఔపవిభక్తిక రూపం. ఇప్పుడు శిష్టవ్యవహారంలో 'తాటిచెట్టు' అనే సమాసమే మిగిలింది. తెలంగాణ పల్లెల్లో మాత్రం 'తాడు', 'తాళ్లు' అనే రూపాలు చెట్టు అర్థంలో నేటికీ వినిపిస్తాయి. మోకు అర్థంలోని మాట పూర్వం 'త్రాడు'. రేఫ లోపించడంతో రెండు మాటలూ ఉచ్చారణలో ఒకటయ్యాయి. ఇలాగే 'ఈదు' అనే పాతరూపం ఈదుల నాగులపల్లి వంటి ఊరిపేర్లలో నిలిచింది. తాటిపర్తి, తాటిపాక వంటి పేర్లలో తాటి వినిపిస్తుంది.

జీలుగు విషయంలో పరిశోధకులు జాగ్రత్తపడవలసిన అంశం ఒకటి ఉంది. పొలాల్లో పచ్చిరొట్ట ఎరువుగా వేసే పైరును 'జీలుగ' అంటారు. మన్యంలో కల్లునిచ్చే జీలుగు వేరు. అది తాళజాతికి చెందిన పెద్ద వృక్షం. పదసేకరణలో ఈ రెండింటినీ కలిపివేస్తే అర్థం తారుమారవుతుంది.

3. కల్లు రుచి ఎందుకు మారుతుంది?
బీరుకు మూలమైన బార్లీ గింజలో ఉన్నది పిండిపదార్థం. గింజను మొలకెత్తించి, ఎండబెట్టి, ఆ పిండిని చక్కెరగా మార్చి, హాప్స్ పూలతో కాచి, ఈస్టు కలిపితే గాని బీరు సిద్ధం కాదు. తాటి, ఈత చెట్ల నుండి కారే రసంలో చక్కెర ముందే ఉంటుంది. అది సుమారు 10 నుండి 14 శాతం. గాలిలోను, కుండలోను ఉండే ఈస్టులు, బాక్టీరియాలు చెట్టుమీద ఉండగానే దానిని పులియబెట్టడం మొదలుపెడతాయి. కుండలోపల సున్నం పూస్తే పులియడం ఆగి తియ్యని నీరాగా ఉంటుంది. సున్నం లేకపోతే కొన్ని గంటల్లోనే మద్యసారం పెరిగి 4, 5 శాతానికి చేరుతుంది. మరికొంత సమయానికి పులుపు ఎక్కుతుంది. చివరకు అది సిర్కా అవుతుంది.

అందువలన సహజమైన కల్లు దూరప్రయాణం చేయలేదు. దింపినచోటుకు దగ్గరలో, దింపినపూటే తాగాలి. కల్లు జ్ఞాపకాలన్నీ ఒక గట్టుకో వాగు ఒడ్డుకో ముడిపడి ఉండడానికి ఇదే ప్రధానకారణం.

చెట్టును బట్టి గీసే పద్ధతి కూడా వేరు. తాటికి పూగెలలను గీస్తారు. తాటిలో ఆడ, మగ చెట్లు వేరువేరు. మగదానిని పోతుతాడు అని, కాయలు కాసే ఆడదానిని పండుతాడు అని అంటారు. రెండూ కల్లునిస్తాయి. ఈతకు మొవ్వు కింది భాగంలో మానునే చెక్కుతారు. ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు రెండోవైపు గీయడంతో మానుమీద మెట్లవంటి గాట్లు మిగులుతాయి. వాటిని లెక్కపెడితే ఆ చెట్టును ఎన్ని ఏళ్లు గీశారో తెలుస్తుంది. జీలుగు చాలా ఏళ్లకు పూతకు వస్తుంది. పైనుండి కిందికి వరుసగా గెలలు వేసి, ఆ పూతకాలం ముగిశాక చనిపోతుంది. ఒక జీలుగుచెట్టు కల్లును తలచుకునేవారు తిరిగిరాని రుచిని తలచుకుంటున్నారన్నమాట.

4. జ్ఞాపకాల నిర్మాణం:
కల్లు గురించిన మాటలు పైకి పొంతన లేనివిగా కనిపించినా, వాటిలో నాలుగు ప్రశ్నలకు సమాధానాలు తరచుగా ఉంటాయి.

4.1 ఏ చెట్టుది?
బాయికాడి తాడు, గట్టుమీది తాడు, జంటతాళ్లు అన్నట్లు చెట్టును ఉన్నచోటుతో గుర్తిస్తారు. అబ్కారీ విధానంలో ఇదే చెట్టుకు వేరే గుర్తింపు ఉండేది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం వంటి చట్టాలతో కల్లు ప్రభుత్వానికి ఆదాయవనరయింది. పన్ను విధించిన చెట్లకు గుర్తులు వేశారు. సర్కారు లెక్కల్లో గుర్తుగా ఉన్న చెట్టు, తాగేవారి మాటల్లో పేరున్న చెట్టు. ఈ రెండు గుర్తింపుల మధ్య ఉన్న దూరం స్థానికచరిత్ర రాసేవారికి విలువైన ఆధారం.

4.2 ఏ పూట, ఏ కాలం?
పొద్దుటి కల్లు తీపి, మాపటి కల్లు పులుపు, ఘాటు అనే విభజన సర్వసాధారణం. చలికాలపు ఈతకల్లును, ఎండాకాలపు తాటికల్లును పోల్చుకోవడం కూడా తరచుగా వింటాం. ఈ పోలికల్లో వ్యవసాయపు పంచాంగం దాగి ఉంటుంది. నాట్లు, కోతలు, పెళ్లిళ్లు, జాతరలు ఎప్పుడు జరిగాయో కల్లు ద్వారా గుర్తుచేసుకునేవారున్నారు.

4.3 ఎవరు గీసింది?
తెలంగాణలో గౌడులు, రాయలసీమలో ఈడిగలు, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలు, ఉత్తరాంధ్రలో యాతలు ఈ వృత్తితో ప్రధానంగా ముడిపడినవారు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే మోకు, కత్తులు పెట్టుకునే ముస్తాదు, కాళ్లకు వేసుకునే గుజి వారి పనిముట్లు. గెల కొసను ఎంత పలుచగా గీయాలో, ఎంతలో ఆపాలో చేతికి తెలియాలి. లోతుగా గీస్తే గెల త్వరగా అయిపోతుంది. సరిగా గీయకపోతే రసం ఆగిపోతుంది. కనుక "ఆయన చేతి కల్లు" అని తాగేవారు అనడం పొగడ్త మాత్రమే కాదు, పనితనాన్ని గుర్తించిన మాట.

4.4 ఎవరెవరున్నారు, ఏమి తిన్నారు?
తాటాకు డొప్పలో పోయించుకుని తాగిన తీరు, నంజుకున్న గుడాలు, ఎండుచేపలు, బోటికూర ఈ భాగంలోకి వస్తాయి. మండువా, కల్లుపాక, కాంపౌండు, దుకాణం అనే మాటలు ప్రాంతాన్నీ కాలాన్నీ పట్టిస్తాయి. తెలంగాణ పల్లెల్లో పొలం పనుల తర్వాత స్త్రీలు కూడా కల్లు తాగే ఆచారం ఉంది. కల్లు జ్ఞాపకాలు పురుషులవి మాత్రమే అనుకుని సేకరణకు వెళ్తే సగం సామగ్రి చేజారుతుంది.

5. ఆచారం, వీరగాథ:
ఎల్లమ్మ, పోచమ్మల కొలుపుల్లో కల్లుసాక పోయడం, చనిపోయినవారి కర్మల్లో వారికి ఇష్టమైన కల్లును పెట్టడం అనేక కులాల్లో ఉన్న ఆచారం. గీతకార్మికులు చెట్టెక్కేముందు తలచుకునే దైవం కాటమయ్య. తాగేవారి రుచిజ్ఞాపకం, ఎక్కేవారి ప్రాణభయం ఒకే చెట్టుదగ్గర కలిసి ఉన్నాయనడానికి ఈ దైవమే సాక్ష్యం.

గౌడ కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710 ప్రాంతంలో మొగలు అధికారుల చేతిలో మరణించాడు. ఆయన వీరగాథను జె. ఏ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వరీలో ఆంగ్లపాఠకులకు పరిచయం చేశాడు. కులవృత్తిని వదలవద్దనే తల్లి, కల్లుగీతతో తృప్తిపడని కొడుకు మధ్య సంభాషణ ఆ గాథకు ఆయువుపట్టు. చెట్టు కింద కూర్చున్నవారికి ఆనందం కలిగించిన వృత్తి, చెట్టుమీద ఉన్నవానికి ఎలా కనిపించిందో ఈ గాథ చెబుతుంది.

6. జ్ఞాపకం దాచే అంశాలు:
ఇష్టంతో చెప్పే జ్ఞాపకంలో కష్టం వెనక్కి పోతుంది. పరిశోధకుడు ఆ కష్టాన్ని కూడా అడగాలి. తాటిచెట్టు మీద నుండి జారిపడి ప్రాణాలు కోల్పోయినవారు, నడుములు విరిగి మంచానపడినవారు గీతకార్మికుల కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతాపరికరాల పంపిణీని మొదలుపెట్టింది 2024లోనే.

తాగుడు వలన ఇంట్లో బాధపడినవారి మాట మరొకటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేవదీసిన ఉద్యమం సారాకు వ్యతిరేకంగా సాగి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. సారా బట్టీలో మరగించి తీసేది, కల్లు పులిసేది. ఈ భేదాన్ని ప్రజలు స్పష్టంగా గుర్తించారు. అయినా కల్లులోనూ మద్యసారం ఉంది. కూలిడబ్బు అక్కడ ఖర్చయిన ఇంటి ఇల్లాలి జ్ఞాపకం తీపిగా ఉండదు.

కల్తీ అన్నింటికంటె తీవ్రమైన సమస్య. గిరాకీకి తగినన్ని చెట్లు లేనిచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపి కల్లు పేరుతో అమ్మడం జరిగింది. వాటికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలుగుతాయి. హైదరాబాదులో 2004లో మూతపడిన కల్లుదుకాణాలు 2014లో తిరిగి తెరుచుకున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి పరిసరాల్లో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు.

పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను ఈ సందర్భంలో మళ్లీ చూడాలి. ఏ చెట్టుది, ఎప్పుడు దింపింది, ఎవరు గీసింది అనే ప్రశ్నలు పల్లెలో రుచికి సంబంధించినవి. నగరపు దుకాణంలో అవే ప్రశ్నలు ప్రాణానికి సంబంధించినవి అవుతాయి. వాటికి సమాధానం చెప్పగల మనిషి ఎదురుగా ఉన్నంతకాలం కల్లుకు ఒక బాధ్యుడున్నాడు. చెట్టుపేరు, గీసినవాని పేరు మాయమైన చోటే కల్తీకి దారి దొరికింది.

7. సేకరణలో పాటించవలసిన అంశాలు:
1962లో వ్యవసాయపదాలతో, 1971లో చేనేతపదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశాలు వృత్తిపదసేకరణకు మార్గం చూపాయి. కల్లు విషయంలో మూడు జాగ్రత్తలు అదనంగా అవసరం.

అ) గీసే కాలంలో, చెట్టుదగ్గరే మాట్లాడించాలి. పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు వచ్చే పదం గదిలో కూర్చుని అడిగితే రాదు.
ఆ) గీసేవారిని, తాగేవారిని, ఇంటివారిని వేరువేరుగా అడగాలి. ఒకే పూటను గురించి ఈ ముగ్గురు చెప్పే కథలు ఒకటిగా ఉండవు.
ఇ) చెప్పినవారి అనుమతి లేకుండా పేర్లు బయటపెట్టరాదు. సామెత నాటి అనుమానం నేటికీ ఉంది. ముఖ్యంగా స్త్రీల విషయంలో దాని బరువు ఎక్కువ.

8. ముగింపు:
* కల్లు నిలువ ఉండని పానీయం కావడం వలన దాని రుచికి తాగినవారి జ్ఞాపకమే ప్రధాన ఆధారం.
* చెట్టు, పూట, గీసిన చేయి, తోడు అనే నాలుగు అంశాల చుట్టూ ఈ జ్ఞాపకాలు అల్లుకుని ఉంటాయి.
* తాడు, ఈదు వంటి ప్రాచీనరూపాలు, మోకు, ముస్తాదు, గుజి వంటి వృత్తిపదాలు ఈ మాటల్లో సజీవంగా ఉన్నాయి.
* రుచిని గురించిన ప్రశ్నలే బాధ్యతను గురించిన ప్రశ్నలు కూడా. వాటిని మరచిన సమాజం కల్తీకి లోబడుతుంది.

తాటిచెట్టు గీతకు రావడానికి దాదాపు పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. నేడు నాటిన చెట్టు కల్లును తాగి చెప్పేవారు తర్వాతి తరంవారు. నేడు గీస్తున్న చెట్ల పేర్లను, వాటిని ఎక్కుతున్నవారి మాటలను నమోదు చేయవలసిన బాధ్యత మాత్రం ఈ తరం పరిశోధకులదే.