చదరంగపు గడుల సంఖ్య



చదరంగపు పలకలో మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున రెట్టించుచు 64 గడులను నింపినచో మొత్తమెంత? ఉత్తరము 18446744073709551615. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన చంపకమాల యొకటి ఈ సంఖ్యను మనకు దక్కించినది.

ఇందు ఇరువది యంకెలు గలవు. ఏకము మొదలు పరార్ధము వఱకు గల పదునెనిమిది స్థానములు దీనికి చాలవు. 9వ శతాబ్దివాడైన మహావీరుడు ఇరువదినాలుగు స్థానములకు పేళ్లు పెట్టెను. ఆ లెక్కను మన సంఖ్య మహాశంఖ స్థానమును చేరును.

రాశి యెంతటిదో మా శంషాబాదు నేలమీద కొలిచి చూతము. 2008లో ఇచ్చట ప్రారంభమైన విమానాశ్రయపు భూమి సుమారు 5,500 ఎకరములు. కిలోకు 50,000 బియ్యపు గింజలనియు, ఘనమీటరునకు 800 కిలోలనియు ఉజ్జాయింపుగా గొని ఆ నేలయంతట పోసినచో, రాశి 20 కిలోమీటర్లకు మించి లేచును. దూరప్రయాణపు విమానములు ఎగురునది 10, 11 కిలోమీటర్ల యెత్తుననే గదా!

ఇంతటి సంఖ్యను పద్యమున నిలుపుటకు పూర్వులు శశి యనగా ఒకటి, వేదములనగా నాలుగు, గగనమనగా సున్న యని సంకేతించి, ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడపిరి. అయితే వ్రాయసకాని చేయి జాఱినచో? పదివేల స్థానమునందలి 'శర' శబ్దము అక్షరములు తారుమారై 'రస' యైనదనుకొనుడు. గణము చెడదు, యతిప్రాసలు చెడవు. అయిదు మాత్రము ఆఱగును. ఛందస్సు కనిపెట్టలేని ఈ దోషమును కనిపెట్టువారెవరు?

సంఖ్య యొక్క స్వభావమే. ఒకటిని 64 మాఱులు రెట్టించినదానిలో ఒకటి తీసివేయగా వచ్చినది గనుక, వర్గాంతర సూత్రముచే ఇది 3, 5, 17, 257, 65537, 4294967297 అను వాని లబ్ధమగును. కడపటిదానిని 17వ శతాబ్దిలో ఫెర్మా ప్రధానసంఖ్య యని తలచెను. 1732లో ఆయిలరు అది 641, 6700417 ల లబ్ధమని చూపెను. కావున మన సంఖ్య ఏడు వేర్వేరు ప్రధానసంఖ్యల లబ్ధము, బేసి, సంయుక్తము. దీని భాజకములు 128. తాను దక్క తక్కిన భాజకములన్నియు కూడినను, తనలో పదింట ఏడు పాళ్లకు కొంచెమే మించును. అందుచే గ్రీకుల విభాగము ననుసరించి ఇది న్యూనసంఖ్య.

ఇప్పుడు పరీక్షింపుడు. అసలు అంకెల మొత్తము 87, మూడుచే పోవును. 'రస' పాఠమున 88, పోదు. మూడు పట్టలేని తప్పును పదునేడు పట్టును. ఏ యొక్క అంకె మాఱినను, ప్రక్కప్రక్కనున్న వేర్వేరు అంకెలు రెండు స్థానములు మార్చుకొన్నను, 17 చేత భాగించిన శేషము మిగిలియే తీరును.

నేటి కంప్యూటర్లలో 64 ద్వ్యంశ స్థానములు గల గడిలో ఇముడు పూర్ణసంఖ్యలలో మిక్కిలి పెద్దదియు ఇదియే. పద్యము వల్లించు విద్యార్థులకు నా మనవి యొకటి: కంఠస్థము చేయుటతో నిలువక పదునేడుచే భాగించి చూడుడు. పద్యము సంఖ్యను మోసికొని వచ్చును. అది చెడకుండ వచ్చినదో లేదో గణితము చెప్పును.