తమ్ముడి గిటారు, చిన్న రౌటరు

మా తమ్ముడు పోయిన రెండేళ్లకు వాడి గిటారును కూతురు చేతిలోకి తీసుకుంది. "పెదనాన్నా, 12వ మెట్టు దగ్గర ఆ రెండు చుక్కల నడుమ నాన్న పేరులో మొదటి అక్షరం పొదిగిస్తారా?" అంది. బి.కాం. చదివి బ్యాంకు లెడ్జర్లు తిరగేసినవాణ్ణి నేను. మా ఘుగ్గుస్‌లో బొగ్గు గని పని తెలిసినవారు కొల్లలు గాని, ముత్యపు చిప్ప పొదిగేవారు నాకు దొరకలేదు.

చంద్రపూర్ బజారులో ముందు వడ్రంగుల ట్రిమ్ రౌటరు చూపించారు. బరువెక్కువ. పైగా దాని వెడల్పాటి అడుగు, వంపుగా ఉండే మెట్ల పలక మీద ఊగుతుంది. చివరకు 3.2 మి.మీ. కాలెట్ ఉన్న చేతి రోటరీ మిషను, 0.8 మి.మీ. బిట్టు, లోతు నిలిపే చిన్న పీట కొన్నాను. పీట లేకుండా కొంటే అది ఒట్టి బొంగరమే సుమండీ!

చిప్ప మందం 1.5 మి.మీ. గాడి లోతు అంతకన్న వెంట్రుకవాసి తక్కువ ఉండాలి. పైకి తేలినది తర్వాత అరగదీయాలి. ఒక్కసారే లోతుకు దించకుండా రెండు మూడు విడతల్లో తొలచాలి. బిట్టు ఒకేచోట ఆగితే కర్ర మాడుతుంది. చిప్ప పొడి ఊపిరితిత్తులకు చేటు, మాస్కు తప్పదు. పనస దుంగను ఉలితో వీణగా తొలిచే మన బొబ్బిలివారు చూస్తే నవ్వుకుంటారేమో!

పాత టేకు సొరుగు మీద ఆరుసార్లు అక్షరం చెడగొట్టాను. ఏడోది కుదిరింది. కాని తమ్ముడి గిటారుకు ఉన్నది ఒక్కటే పలక. ఇంకో రెండు సొరుగు ముక్కలున్నాయి. అవి కూడా అయ్యాకే తీగలు విప్పుతాను.