అవ్వ చంకలోని సైన్స్

హిందూపురంలో ప్యాసింజరు రైలెక్కితే, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరేలోపల మన వైపు మనుషులంతా కనబడతారు. చింతపండు అమ్ముకొని పోయేవాళ్లు, పట్టుగూళ్ల బేరం చేసుకొచ్చినవాళ్లు, మగ్గం సరుకు కోసం ధర్మవరం పోయేవాళ్లు. ఆ రైల్లోనే ఒకరోజు ఒక అవ్వను చూశాను. ఒళ్లో మూడేళ్ల మనవడు. బెంగుళూరులో ఆసుపత్రికి చూపించుకొని వస్తున్నారు. దిగేటప్పుడు ఆమె పిల్లోడిని రెండు చేతుల మీద అడ్డంగా, కట్టెల మోపు మాదిరి మోసుకొని దిగింది. వాడి కాళ్లు రెండూ బిగుసుకొని, కత్తెర లాగా ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి.

నా పక్కనున్న మనవరాలు అడిగింది: "తాతా, ఆ పిల్లోడికి కాళ్లు నొప్పా?"

"కాళ్లకేం కాలేదు తల్లీ. మెదడు నుంచి కాళ్లకు పోయే కబురులో తేడా వచ్చింది" అన్నాను. అంతటితో పిల్ల ఊరుకుంటుందా? ధర్మవరం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ కబుర్లే మీకూ చెబుతాను.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు పావు వంతు ఉంటుంది. రెండేళ్లు నిండేసరికి ముప్పావు వంతవుతుంది. ఐదారేళ్లకు 90 శాతం పెరిగిపోతుంది. పెరిగేది బరువొక్కటే కాదు. కణానికీ కణానికీ మధ్య దారులు పడతాయి. పొలం గట్టు మీద రోజూ నడిస్తే బాట పడుతుంది, నడవడం మానేస్తే పల్లేరు మొలుస్తుంది. మెదడులోనూ అంతే. వాడిన దారి గట్టిపడుతుంది, వాడనిది మూసుకుపోతుంది.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించినవాళ్లు హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. 1960లలో వాళ్లు పిల్లికూనల మీద ప్రయోగం చేశారు. పుట్టిన తొలి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కంట్లో ఏ లోపమూ లేదు. అయినా ఆ కంటితో పిల్లికూన చూడలేకపోయింది, ఎందుకంటే మెదడులో ఆ కంటికి దక్కాల్సిన చోటును రెండో కన్ను తీసేసుకుంది. పెద్ద పిల్లికి అదే పని చేస్తే చూపుకు ఏమీ కాలేదు. ఈ పరిశోధనకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. మన వైపు మెల్లకన్ను అదృష్టమంటారు. ఆ మాట నమ్మి చిన్నప్పుడు చూపించకపోతే, మెదడు ఆ కంటిని వాడటమే మానేస్తుంది. పదేళ్లు దాటాక అద్దాలు పెట్టినా పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం.

చెవి సంగతి ఇంకా చిత్రం. పుట్టుకతో వినబడని బిడ్డ కూడా తొలి నెలల్లో 'ఊ', 'ఆ' అంటుంది. అది చూసి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. తన గొంతు తనకే వినబడదు కాబట్టి ఆ శబ్దాలు మాటలుగా ముదరవు. అప్పటికైనా అనుమానించాలి. కానీ 'మగపిల్లోడు కదా, వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చినాయి' అంటారు. నాలుక కింద నరం కోయిస్తారు, వస నాకిస్తారు. మూడేళ్లు గడిచిపోతాయి. నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రమూ శిక్షణా మొదలుకావాలని చెవి డాక్టర్లు చెబుతారు. ఆరు నెలల్లోపు మొదలుపెట్టిన పిల్లలకు భాష బాగా వస్తుందని అమెరికాలో 1998లోనే తేల్చారు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన సీమలో పుట్టుచెవుడు మీద ఇంకాస్త కన్నేసి ఉంచాలి.

ఇక ఆ రైల్లో పిల్లోడి సంగతి. అలాంటి దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. పుట్టగానే ఏడవక ఊపిరి అందకపోయినా, నెలలు నిండక ముందే పుట్టినా, పచ్చకామెర్లు మరీ ముదిరినా లేత మెదడు దెబ్బతినొచ్చు. తల్లి చేసిన పాపమూ కాదు, గ్రహణమూ కాదు. దెబ్బతిన్న కణాలు మళ్లీ రావు. కానీ మిగిలిన కణాలకు పని నేర్పొచ్చు, కండరాలు ముడుచుకుపోకుండా కాపాడొచ్చు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే ఒక భవిత కేంద్రంలో కాసేపు కూర్చున్నాను. అచ్చం అలాంటి పిల్లోడినే ఇంకో అవ్వ అడ్డంగా ఎత్తుకొచ్చింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి యంత్రాలేమీ తీయలేదు. "అవ్వా, అట్ల కాదు, చంకనేసుకో" అని పిల్లోడి కాళ్లు మెల్లగా విడదీసి, అవ్వ నడుముకు ఒక కాలు ముందు, ఒకటి వెనక వేసింది. కాసేపటికి తొడల బిగువు సడలింది. అడ్డంగా మోసినంతసేపూ వాడికి పైకప్పే కనబడింది. చంకన ఉంటే ఎదురుగా మనుషులు కనబడతారు. చూడాలన్న ఆశతో మెడ దానంతటదే లేస్తుంది. వాడు మెడ ఎత్తి కిటికీ వైపు చూశాడు. మన అవ్వలు తరతరాలుగా బిడ్డల్ని చంకనే ఎత్తుకున్నారు. ఈ బిడ్డకు దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో మానేశారు, అంతే.

తర్వాత వాణ్ని రెండు గోడలు కలిసే మూలలో కూర్చోబెట్టారు. మూలలో భుజాలు ముందుకు వస్తాయి, పిల్లోడు వెనక్కి విరుచుకుపడడు. కాళ్ల మధ్య పాత చీర గట్టిగా చుట్టి పెట్టారు. ధర్మవరంలో గుంటమగ్గం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. గుంటలో కాళ్లు పెట్టి, నడుము నిలబెట్టి కూర్చుంటేనే నేతగాడి చేతికి నాడె వశమవుతుంది. బిడ్డకూ అంతే, నడుముకు ఆనిక దొరికాకే చేతులకు పని. ముందర ఒక చెంబు, గుప్పెడు బొరుగులు పెట్టారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క బొరుగు ఎత్తాలి, చెంబులో వేయాలి. మూడేళ్లు దాటి, నోట్లో పెట్టుకునే అలవాటు పోయిన పిల్లలకైతే చింతగింజలిస్తారు. పెద్దవాళ్లు ఎదురుగా లేకుండా మాత్రం గింజ ఇవ్వకూడదు. రేపు బలపం పట్టేది ఆ రెండు వేళ్లే. అరగంటలో వాడు నాలుగు బొరుగులు వేశాడు. అవ్వ కళ్లు తుడుచుకుంది.

నాకు తెలిసొచ్చింది ఇదీ: అక్కడి తరగతి బిడ్డ ఒక్కడికే కాదు, అమ్మకూ అవ్వకూ కూడా. థెరపీ చేసేవాళ్లు వారానికి ఒకటి రెండు గంటలు దొరుకుతారు. ఎత్తుకోవడం, నీళ్లు పోయడం, సంగటి తినిపించడం ఇంట్లో రోజూ ఉండే పనులు. ఆ పనుల్లోనే వ్యాయామం కలిసిపోవాలి. మాటల విషయమూ ఇంతే. తారంగం ఆడించి ఆగండి, పది లెక్కపెట్టేంతసేపు బిడ్డ ముఖం చూడండి. కన్ను కదిలినా, ఊ అన్నా అది జవాబే. దానికి మళ్లీ మీరు జవాబివ్వాలి. నెలకొకసారి కూలి పోగొట్టుకొని బెంగుళూరు పోయి రావడం కన్నా, రోజుకు పదిసార్లు ఇంట్లో చేసే ఈ చిన్న పని మెదడుకు ఎక్కువ మేలు. పెద్ద డాక్టరు అవసరమే, జబ్బు పేరు తేల్చడానికి. పని మాత్రం ఇంట్లోనే జరగాలి.

ఎప్పుడు అనుమానించాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాతో కలిపి ఐదు దేశాల పిల్లల్ని చూసి తేల్చిన లెక్క ప్రకారం, దాదాపు అందరూ తొమ్మిది నెలలు దాటేసరికి ఆనిక లేకుండా కూర్చుంటారు, పద్దెనిమిది నెలలలోపు నడుస్తారు. ఏడాదికి పేరు పిలిస్తే తిరగాలి. ఏడాదిన్నరకు కావాల్సినదాన్ని వేలితో చూపాలి. రెండేళ్లకు రెండు మాటలు కలపాలి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఫిట్స్ వస్తే వాతలు పెట్టించొద్దు, ఆసుపత్రికి పోండి.

వంకరపాదంతో పుట్టిన బిడ్డకైతే తొలి వారాల్లోనే కట్లు మొదలుపెడితే పాదం నిటారవుతుంది. వారం వారం కట్టు మార్చే ఆ పద్ధతి కనిపెట్టిన డాక్టరు పొన్సెటి పుట్టింది స్పెయిన్‌లో. 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్‌దీ ఆ దేశమే. ధర్మవరం పక్కన బత్తలపల్లి ఆసుపత్రి, వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు ఆ సంస్థ పెట్టినవే.

సర్కారు దారి కూడా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి, అవసరమైనవాళ్లను జిల్లా స్థాయిలో తొందరగా చికిత్స మొదలుపెట్టే డైక్ (డీఈఐసీ) సెంటర్లకు పంపుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పిల్లలందరినీ ఏడాదికొకసారైనా పరీక్షించమంటుంది. ఇలాంటి పిల్లల్ని అంగన్‌వాడీలోనే గుర్తించి కలుపుకొనే పద్ధతిని కేంద్రం 2023 నవంబరులో విడుదల చేసింది. సమగ్ర శిక్ష కింద మన రాష్ట్రంలో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, అర్హత ఉంటే పింఛను బిడ్డ హక్కులు, తప్పకుండా తెచ్చుకోండి. అవి చేతికొచ్చేదాకా వ్యాయామం మాత్రం ఆపకండి.

అందరూ నడుస్తారని, అందరూ మాట్లాడతారని నేను చెప్పను. కొందరు నడవరు. నడవని బిడ్డ కూర్చోగలిగితే, తన ముద్ద తాను తినగలిగితే, ఆకలైందని సైగ చేయగలిగితే ఆ ఇంటి బతుకే మారుతుంది.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ అట్లాంటి బిడ్డ ఉంటే, పండగ పోనీ, పంట ఇంటికి రానీ అనకండి. రేపు పొద్దున్నే చంకనేసుకొని అంగన్‌వాడీకి తీసుకుపోండి.