భూగోళం గంటలా మోగింది!

మచిలీపట్నం: పుచ్చకాయ కొనేవాడు ముందు దాన్ని వేలితో తట్టి చూస్తాడు. కుండ కొనే ఇల్లాలూ అంతే. కోయకుండా, పగలగొట్టకుండా లోపలి సంగతి చెప్పేది మోతే. మరి 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల భూగోళాన్ని తట్టి చూసేదెవరు? పెద్ద భూకంపాలే ఆ పని చేస్తున్నాయి!

గుండ్రటి వస్తువు ఏదైనా దెబ్బ తగిలితే తనకంటూ ఉన్న కొన్ని శ్రుతుల్లోనే అదురుతుంది. గట్టి గుండుది ఒక తీరు, డొల్లగా ఉండే మువ్వది మరో తీరు. రెంటి లెక్కనూ ఇంగ్లండు గణిత శాస్త్రజ్ఞుడు హొరేస్ లాంబ్ 1882లోనే కట్టాడు. లోహం వేడెక్కితే మెత్తబడుతుంది, శ్రుతి దిగుతుంది. కరిగిపోతే అసలు తీరే మారిపోతుంది.

భూమి అంత ఉక్కు గుండు ఉంటే అది సుమారు గంటకోసారి ఊగుతుందని 1911లో లవ్ అనే శాస్త్రజ్ఞుడు లెక్క తేల్చాడు. సరిచూడడానికి అర్ధ శతాబ్దం ఆగాల్సి వచ్చింది. 1960 మే 22న చిలీలో 9.5 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అమెరికా, పెరూలలోని పరికరాలు ఆ ఊగును పట్టుకున్నాయి. 54 నిమిషాలకు ఒకసారి! మన చెవికి వినపడే మోత కాదు లెండి.

అలాంటి ఊగుల లెక్కలే భూగర్భం గుట్టు విప్పాయి. 2,890 కిలోమీటర్ల లోతు దాటితే వేల డిగ్రీల వేడికి ఇనుము కరిగి ఉంది. నట్టనడుమ వేడి ఇంకా ఎక్కువే. అయినా అక్కడి 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధపు గుండు మాత్రం పైనుంచి పడే ఒత్తిడికి గట్టిగానే ఉంది. 1971లో దాన్ని రుజువు చేసింది ఈ ఊగులే.

ఇదంతా మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. 2004 డిసెంబర్ 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా వద్ద భూమి కంపించింది. పసిఫిక్ హెచ్చరిక కేంద్రం మొదట చెప్పిన తీవ్రత 8.0. గంట తర్వాత 8.5. వెంటనే అందే వేగమైన కదలికలను బట్టి కట్టిన అంచనాలవి. నిదానంగా సాగే ఊగులను తర్వాత తూచిన శాస్త్రజ్ఞులు అసలు తీవ్రత 9.3 అన్నారు. అంటే విడుదలైన శక్తి మొదటి అంచనాకు పదుల రెట్లు! భూమి ఆ మోతను నెలల తరబడి మోస్తూనే ఉంది. కాని అల రెండున్నర గంటల్లోనే మన తీరాన్ని తాకింది. రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు.

54 నిమిషాల ఊగును తూచాలంటే గంటల తరబడి కాచుకోవాలి. అల కాచుకోదు. అందుకే 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రం భూకంప పరికరాలను మాత్రమే నమ్ముకోలేదు. సముద్రం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే యంత్రాలు, రేవుల్లో నీటిమట్టం చూసే పరికరాలు అల నిజంగా లేచిందో లేదో చెబుతాయి.