ఎండలో పుట్టిన పొర

సరకులు చేరవేయు టాటా ఏస్ బండి మొదలు నగరవీథులలో తిరుగు ప్రకటనల బస్సు వరకు, నేడు వ్యాపార వాహనములపై గోచరించు రంగురంగుల బొమ్మలును అక్షరములును చాలవరకు కుంచెతో వ్రాసినవి కావు. మిల్లీమీటరులో ఇరువదవ వంతు మొదలు పదవ వంతు వరకు మందము గల వినైల్ పొరపై అచ్చువేసి, వెనుక జిగురు పూసి, లోహపు రేకుపై అదిమి అంటించినవి. వేలకు వేలు వెచ్చించి స్టిక్కరు వేయించిన యజమాని, అది అంటిన మరునాటినుండి దానిని పెయింటువలెనే భావించి మరచిపోవును. పొర ఏ పదార్థమో తెలిసినచో ఆ పొరపాటు జరుగదు.

1835లో ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ విక్టర్ రెన్యో మొదట సిద్ధపరచిన వినైల్ క్లోరైడు వాయువును, 1872లో జర్మను రసాయనవేత్త యూజెన్ బౌమన్ గాజుపాత్రలో బంధించి యెండలో నుంచగా, అందు తెల్లని ఘనపదార్థ మొకటి యేర్పడెను. అదియే నేటి వినైల్ పొరకు మూలమైన పాలీవినైల్ క్లోరైడు. సూర్యరశ్మియే దానికి జన్మకారణము. అయితే పెళుసై, వేడి తగిలిన ఆమ్లమును వెడలగ్రక్కి చెడిపోవు ఆ పదార్థము చాలకాలము ఎవరికిని అక్కరకు రాలేదు. జర్మను రసాయనవేత్త ఫ్రిట్జ్ క్లాటె 1913లో దాని తయారీకి పేటెంటు పొందినను, దానిని లాభదాయకమైన వస్తువుగా మలచుట ఆయన సంస్థకు సాధ్యము కాలేదు.

1926లో అమెరికాలోని ఆక్రన్ నగరమున బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేయుచుండిన వాల్డో సెమన్, రబ్బరును లోహమునకు పట్టియుంచు జిగురు నన్వేషించుచు, పాలీవినైల్ క్లోరైడును సులభముగా ఆవిరి కాని ద్రవములలో కాచి చూచెను. కోరిన జిగురు దొరకలేదు గాని, చల్లారిన పాత్రలో వంచిన వంగి, లాగిన సాగి, విడిచిన ముడుచుకొను ముద్ద మిగిలెను. ద్రవము అణుమాలికల నడుమ చొరబడి, అవి యొకదానిపై నొకటి జారుటకు వీలు కల్పించుటచే కఠినమైనది మృదువైనది. ప్లాస్టిసైజర్ అనబడు ఈ మార్దవకారకమే నేటి పొరకు ప్రాణము. అది యెరువు సొమ్ము. క్రమక్రమముగా బయటికి పోవుచునే యుండును. పొర సంరక్షణ యనగా, ఆ యెరువును ఎంతకాలము నిలుపుకొనగల మన్న ప్రశ్నయే.

జిగురు భాగమున పెద్ద మార్పు తెచ్చినవాడు స్టాంటన్ ఏవరీ. ఉతుకు యంత్రపు మోటారును, కుట్టు మిషను భాగములను కూర్చిన యంత్రముతో 1935లో లాస్ ఏంజెలిస్‌లో ఆయన, తడుపనక్కరలేని, ఒత్తిన అంటుకొను లేబుళ్లను తయారుచేసెను. అనంతరకాలమున వినైల్ పొరకును అట్టి జిగురే జతపడెను.

నేడీ పొరలు రెండు జాతులు. వేడి రోలర్ల నడుమ నలిపి సాగదీసినది క్యాలెండర్డ్ పొర. సాగదీయబడిన ఆ పొర, వేడి తగిలినప్పుడెల్ల పూర్వరూపమునకు ముడుచుకొనజూచును, అంచులు వెనుకకు జరిగి జిగురు గీత బయటపడును. కాస్ట్ పొర అట్లు కాదు. ఆత్రేయపురములో వేడికుండపై పిండిపూత ఆరి పూతరేకు లేచివచ్చినట్లు, ద్రవమును కాగితముపై పలుచగా పోసి, పొయ్యిలో ఎండించి, ఊడదీసినది గనుక దానియందు బిగువు మిక్కిలి తక్కువ. వంపులపై చక్కగా ఒదుగును, ధర మాత్రము హెచ్చు.

వాహనమంతటిని పొరతో కప్పుట జర్మనీ టాక్సీలవలన ప్రచారమునకు వచ్చెను. 1971లో అచ్చటి టాక్సీలు లేతదంతపు వర్ణమున నుండవలెనని నిబంధన వచ్చెను. ఆ రంగు కారును పిమ్మట కొనువారు అరుదుగా నుండిరి. 1993లో బ్రిటనుకు చెందిన కె.పి.ఎం.ఎఫ్. సంస్థ పెయింటునకు బదులుగా అదే వర్ణపు పొరను తయారుచేసి యిచ్చెను. టాక్సీ జీవితము ముగియగనే పొర నూడదీసిన, క్రింది రంగు చెక్కుచెదరక యుండెను. ఊడదీయుటకు వీలగుటయే దీని యసలు గుణమని నా యభిప్రాయము.

జన్మ మిచ్చిన సూర్యుడే దీనికి మృత్యువు. అతినీలలోహిత కిరణములు పొరనుండి హైడ్రోజన్ క్లోరైడును విడిపించి, దానిని పసుపువన్నెకు, పెళుసుతనమునకు ఈడ్చును. ఎండ నిటారుగా పడు బానెట్టు, పైకప్పు ప్రక్కల తలుపులకంటె ముందు ముదురుటచేతనే, తయారీదారులు ఆ భాగములకు తక్కువ హామీ నిత్తురు. విజయవాడ, రామగుండముల వేసవిలో నీడపట్టున నిలుపుటను మించిన ఔషధము లేదు.

కడుగుటలో దృష్టి యెల్ల అంచులపై నుండవలెను. తలుపు పిడిచుట్టు కత్తిరించిన గీతను దగ్గరగా పరికించిన, జిగురుపై సన్నని నల్లని మట్టిరేఖ కనబడును. సర్వీసింగు షెడ్డులో నీటిధార వాలుగా తగిలినచో అది అచ్చటినుండియే పొరను లేపును. ధారను అడుగు దూరమునుండి సూటిగా, 2000 పి.ఎస్.ఐ.కి లోబడి కొట్టవలెను. మెత్తని స్పంజి, ఘాటులేని సబ్బు చాలును. బ్రష్షు గీతలు పెట్టును. బోరునీటిలోని సున్నపు మచ్చలు మిగులకుండ వెంటనే తుడువవలెను. మెరుపు కొరకు డీజిలు పూయు దురభ్యాస మొకటి మన డ్రైవర్లలో కలదు. పెట్రోలు, డీజిలు, థిన్నరు మార్దవకారకమును, అచ్చు సిరాను కూడ చెరచును. ఇంధనపు మూతవద్ద ఒలికిన బొట్టును సైతము ఉపేక్షింపరాదు. పక్షిరెట్టను గోకక, గోరువెచ్చని సబ్బునీటితో నానబెట్టి తీయుడు.

తీయుటకును సమయము కలదు. మెత్తదనము మిగిలియుండగా హీట్ గన్‌తో వెచ్చజేసి, వాలుగా మెల్లగా లాగిన పొర తలుపంతయు ఒక్క ముక్కగా వచ్చును. పగుళ్లు బారిన పిమ్మట గోరంత పెళ్లలుగా విరిగి, జిగురును రేకుపైననే వదలును, కూలి స్టిక్కరు ఖర్చును మించును. కావున స్టిక్కరు వేయించునాడే పొర కాస్టో క్యాలెండర్డో అడిగి, దాని హామీ కాలమును, అంటించిన తేదీని బిల్లుపై వ్రాయించుకొనుడు. ఆ గడువు తీరకమునుపే తీయించుడు.