సైలెన్సర్ బోల్టు విరిగితే ఇంజన్ హెడ్ మార్చాలా?

మనం కలుపు మందు కొట్టం కాబట్టి, అదునులో పవర్ వీడర్ ఆగిందంటే చేను చేయిదాటిపోతుంది. సైలెన్సర్ బోల్టు వేడికి, తుప్పుకు పట్టేసి, విప్పబోతే పుటుక్కున విరుగుతుంది. దానికి హెడ్ మార్చక్కర్లేదు.

ముక్క బయటికి కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించండి. ముందు పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి! ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. కాస్త ఆరాక స్పానర్‌తో మెల్లగా అటూ ఇటూ కదిలించాలి. నా లెక్కలో ఇదే మేలు.

లోపలికే విరిగితే సెంటర్ పంచ్‌తో సరిగ్గా నడుమ గుర్తు కొట్టి, సన్న బిట్టుతో డ్రిల్ చేసి, ఎక్స్‌ట్రాక్టర్ దించి ఎడమకు తిప్పాలి. బలం పెట్టొద్దు. అది గట్టి ఉక్కు, లోపల విరిగితే మామూలు బిట్టు దిగదు. ఇక సూర్యాపేటో, కోదాడో, మిర్యాలగూడో లేత్ షాపుకు పోవాల్సిందే.

కొత్త బోల్టు మరలకు కాపర్ గ్రీజు రాసి బిగించండి. తిప్పే తీరు వీడియోలో చూడండి.